సమదర్శనము - సమవర్తనము

సర్వప్రాణులయందును పరమేశ్వరుని దర్శింపవలెనను మాటను కాదను ఆస్తికుడు లేడు. ఆ దర్శనము ఆచరణమున ఎంతవరకు ప్రసరింపవలెనను ప్రశ్న రాగానే అభిప్రాయభేదము పొడచూపుచున్నది. అద్వైతము భావమునకే పరిమితమనియు, వ్యవహారమున దానిని పాటింపరాదనియు ఒక వాదము పండితలోకమున చిరకాలముగా కలదు. వైద్యుడు రోగులందరికిని ఒకే ఔషధమును ఈయడు గదా యని ఆ వాదుల యుక్తి. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కాని ఔషధభేదము రోగి హితమునకై ఏర్పడినది. రోగిని గడపకు వెలుపల నిలుపుటకు కాదు. ఈ వాదము నిరాదరణమునకు సమర్థనమైనపుడు దానిని భాగవతప్రమాణముతో పరీక్షింపవలసియున్నది.

తృతీయస్కంధమున కపిలుడు దేవహూతికి భక్తియోగమును ఉపదేశించుచు, సర్వభూతములయందు ఆత్మగా నెలకొన్న ఈశ్వరుని ఉపేక్షించి ప్రతిమను మాత్రమే అర్చించుట బూడిదలో హోమము చేయుటవంటిదని చెప్పెను. ఇది విగ్రహారాధనమును నిరసించుట కాదు. సర్వభూతస్థితుడైన ఈశ్వరుని తన హృదయమున ఎరుగునంతవరకు ప్రతిమాదులయందు అర్చింపవలెనని అచ్చటనే విధింపబడినది. అనగా అర్చనము సోపానము. సోపానముపైననే నిలిచిపోవుట దోషము. ఏకాదశస్కంధము ఈ విషయమునే మరియొక విధముగా నిరూపించినది. ప్రతిమయందు శ్రద్ధ కలిగి, భక్తులయందును ఇతరులయందును అది లేనివాడు ప్రాకృతభక్తుడు. సర్వభూతములయందు భగవద్భావమును కనుగొనువాడు ఉత్తమభక్తుడు. కావున ఆధ్యాత్మికవికాసమునకు కొలమానము పూజాసమయదైర్ఘ్యము కాదు. ఎదుటివాని పట్ల గల ఆదరము.

సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు భావాద్వైతమును, క్రియాద్వైతమును, ద్రవ్యాద్వైతమును బోధించెను. ఇందలి క్రియాద్వైతము మనోవాక్కాయకర్మలను పరబ్రహ్మమునకు అర్పించుట. దానిని సమవర్తనమునకు పర్యాయముగా గ్రహించుట సాహసము. కాని ద్రవ్యాద్వైత లక్షణము సందేహమునకు తావీయదు. తనకును, ఆలుబిడ్డలకును, ఇతర దేహధారులందరికిని ప్రయోజనమును కోరికయు ఒక్కటే యని తెలియుట ద్రవ్యాద్వైతము. కావున అద్వైతము భావమునకే పరిమితమను వాదమునకు భాగవతము సాక్ష్యము పలుకదు.

ఈ లక్షణమునకు లక్ష్యము నవమస్కంధములోని రంతిదేవుడు. నలుబదియెనిమిది దినములు నీరైనను లేక కుటుంబముతో కృశించిన ఆ రాజు, నలుబదితొమ్మిదవ దినమున లభించిన అన్నమును వరుసగా వచ్చిన బ్రాహ్మణునకును, శూద్రునకును, కుక్కలతో వచ్చిన అతిథికిని పెట్టెను. ఆ కుక్కలకును నమస్కరించెను. తుదకు ఒక్కరికి మాత్రమే చాలిన నీరు మిగులగా దప్పిగొని వచ్చిన పుల్కసునకు దానిని ఒసగెను. మోక్షమునైనను కోరక, ప్రాణులందరి ఆర్తిని తానే అనుభవింపగోరెను. వచ్చినవారు మారువేషమున నున్న దేవతలే గదా యని కొందరు ఈ కథకు గల పదును తగ్గింతురు. కాని నీరొసగునపుడు రాజునకు ఆ సంగతి తెలియదు. అతనికి కనిపించినది దాహార్తుడైన పుల్కసుడు. అతనియందే హరిని చూచెను. దేవతలు ప్రత్యక్షమగుట తరువాతి మాట. దర్శనము ముందు, ఫలము వెనుక.

కపిలుని ఉపదేశమున గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. సర్వభూతస్థితుడైన ఈశ్వరుని దానముతోడనే గాక మానముతోను, మైత్రితోను, అభిన్నదృష్టితోను పూజింపుమనెను. దానము చేయువాడు పైనను, గ్రహించువాడు క్రిందను నిలుచు అవకాశము కలదు. మానము ఆ అంతరమును తొలగించును. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దు చేసినది. శాసనము నిషేధింపగలదు, శిక్షింపగలదు. హృదయమున మానమును పుట్టింపజాలదు. అది విద్య చేయవలసిన పని. తరగతిలో సమదర్శనమును వ్యాఖ్యానించి వెలుపలికి వచ్చిన పండితుడు, వాకిలి ఊడ్చువానిని ఏ పిలుపుతో పిలుచునో, ఏ పాత్రతో అతనికి నీరిచ్చునో, ఆ వ్యాఖ్యానమునకు అదియే పరీక్ష.