సెలవుల్లో హాస్టల్‌లో మిగిలినోళ్ల సినిమా: 'బ్లాక్ క్రిస్మస్' గురించి మా మాట

పోస్టు కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి. ఇందులో సినిమా కథ చివరి దాకా చెప్పేస్తున్నాం. చూడాలనుకునేవాళ్లు ముందు చూసొచ్చి చదివినా సరే.

మేము యాప్రాల్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నాం. మా రూములో ఉన్న నలుగురిలో ఎవరింట్లోనూ మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. టైపు చేసేది ఒక్కరే, మాట మాత్రం నలుగురిదీ.

క్రిస్మస్‌కు రెండు రోజులు సెలవొచ్చింది. రెండు రోజుల కోసం ఊరికి పోతే రానూ పోనూ ప్రయాణానికే సరిపోతది. మహాలక్ష్మి వచ్చినప్పటి నుంచి అక్కలకు బస్సుల్లో టికెట్ లేదు, మాకుంది. అందుకే ఆగిపోయాం. చుట్టుపక్కల బాల్కనీలకు స్టార్లు వెలుగుతున్నాయి, పాటలు పాడేవాళ్లు గేటు గేటుకూ తిరుగుతున్నారు, మా బిల్డింగులో మాత్రం మూడొంతుల గదులకు తాళాలు. ఆ రాత్రి ఒక తమ్ముడు లాప్‌టాప్‌లో 'బ్లాక్ క్రిస్మస్' పెట్టిండు. పాత ఇంగ్లీషు సినిమా, ఏముంటదిలే అనుకున్నాం. అయిపోయాక మాలో ఒక్కరు కూడా ఒంటరిగా బాత్రూంకు పోలేదు.

ఇది 1974లో కెనడాలో తీసిన సినిమా. దర్శకుడు బాబ్ క్లార్క్. ఒక హంతకుడు ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయే కథల్ని స్లాషర్ సినిమాలంటారు కదా, ఆ వరసలో ముందొచ్చిన వాటిలో ఇదొకటి. అందరికీ తెలిసిన 'హాలోవీన్' వచ్చింది దీని తర్వాత నాలుగేళ్లకు, 1978లో. కథ జరిగేది కాలేజీ అమ్మాయిలు కలిసి ఉండే ఒక ఇంట్లో, అంటే మన లెక్కలో లేడీస్ హాస్టలే. క్రిస్మస్ సెలవులకు అందరూ ఇళ్లకు సర్దుకుంటుంటారు. ఒకడు గోడ పట్టుకుని ఎక్కి అటక మీదికి దూరుతడు. కింద ఫోను మోగుతది, ఎత్తితే పచ్చి బూతులు, పిచ్చి అరుపులు. ఆ ఫోన్లు ఎక్కడి నుంచో కాదు, అదే ఇంట్లో నుంచి వస్తున్నాయని చివర్లో తెలుస్తది.

ఈ సినిమా మాకెందుకు నచ్చిందో చెప్తాం.

మొదటిది, ఇందులో భయం అడవిలో లేదు. మన తెలుగు సినిమాల్లో భయపెట్టాలంటే ముందు కారును అడవిలో ఆపుతారు. తర్వాత ఒక పాడుబడ్డ గెస్ట్‌హౌస్, డప్పు చప్పుడు, ముఖానికి రంగులు పూసుకున్న మనుషులు. ఆ మనుషులు ఎవరో మనకు తెలుసు, మనమే. అందరూ అట్లనే తీశారని అనడం లేదు. వంశీ 1985లో తీసిన 'అన్వేషణ'లో అడవిలో వరసగా చావులు జరుగుతుంటే పులి చంపుతోందని జనం నమ్ముతారు. తీరా చూస్తే నేరం మనిషిది. పులి మీద వేసిన నిందను పులి మీది నుంచి తీసేసిన సినిమా అది, ఇళయరాజా సంగీతం సంగతి చెప్పక్కర్లేదు. కానీ అందులో కూడా అడవిని మనం చూసేది బయటి నుంచి వచ్చినవాళ్ల కళ్లతోనే. 'బ్లాక్ క్రిస్మస్'లో భయం పట్నంలో ఉంది, చదువుకున్నోళ్ల ఇంట్లో ఉంది, దీపాలు కట్టిన పండగ గదికి పైన ఉంది. అడవి పక్క గూడెంలో పెరిగి యాప్రాల్‌కొచ్చిన మాకు అది కొత్తగా అనిపించలేదు. ఊళ్లో చీకట్లో ఒంటరిగా నడిచినోళ్లమే. పట్నానికొచ్చాకే గదికి లోపల గొళ్లెం పెట్టుకోవడం నేర్చుకున్నాం.

రెండోది అసలైంది. కత్తి కంటే ఎక్కువ భయపెట్టింది ఎవరూ మాట వినకపోవడం. క్లేర్ అనే అమ్మాయి సినిమా మొదట్లోనే చనిపోతది. తెల్లారి వాళ్ల నాన్న ఇంటికి తీసుకుపోదామని వచ్చి, చెప్పిన చోట నిలబడి ఎదురుచూస్తడు, బిడ్డ రాదు. పోలీస్ స్టేషన్‌కు పోతే అక్కడున్నాయన ఎవడో అబ్బాయితో పోయుంటదిలే అన్నట్టు మాట్లాడతడు. ఈ మాట మన గూడేల్లో, తండాల్లో ఎంతమంది తల్లిదండ్రులు విన్నారో గ్రూపులో ఉన్నోళ్లకు వేరే చెప్పాలా? ఇంకో తల్లి తన చిన్నబిడ్డ కనిపించడం లేదని వస్తే, ఊరంతా కలిసి పార్కులో వెతుకుతారు. క్లేర్ మాత్రం అంతసేపూ అదే ఇంటి అటక మీద, కిటికీ పక్కన కుర్చీలో ఉంటది. తండ్రి ఆ ఇంట్లోకే వచ్చి కూర్చుంటడు. సినిమా అయిపోయేదాకా పోలీసులు ఒక్కరూ అటక ఎక్కి చూడరు. హంతకుడెవరో కూడా సినిమా చెప్పదు. చివరికి పోలీసులు కేసు తేలిపోయిందనుకుని పోతారు, ఇంట్లో ఫోను మళ్లీ మోగుతది.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. ఇంటర్ చదివేటప్పుడు మాలో ఇద్దరం వేరే హాస్టల్‌లో ఉండేవాళ్లం. పేరు అనవసరం. ఒకసారి దసరా సెలవులకు అందరం బ్యాగులు సర్దుకుని బయల్దేరినం. పై అంతస్తులో ఒక తమ్ముడు జ్వరంతో పడుకుని ఉన్నడు. రిజిస్టర్‌లో మాత్రం 'ఊరికి వెళ్లాడు' అని రాసుంది. ముందురోజు అందరి పేర్లూ ఒకేసారి రాసేశారు. ఒకటిన్నర రోజు వాడు నీళ్లు కూడా లేకుండా ఆ గదిలో ఉన్నడు. మర్చిపోయిన చార్జర్ కోసం వెనక్కొచ్చిన ఒకబ్బాయి వల్ల బయటపడ్డడు. ఇప్పుడు బాగున్నడు, చదువుకుంటున్నడు. రిజిస్టర్ రాసినోళ్లను అప్పుడు మస్తు తిట్టుకున్నం. కానీ క్లేర్ వాళ్ల నాన్న సోఫాలో కూర్చున్న సీను చూస్తుంటే మాకు గుర్తొచ్చింది వేరే. మేము కూడా ఆ మెట్ల పక్క నుంచే బ్యాగులు మోసుకుని దిగినం. పైన ఎవరన్నా ఉన్నారా అని ఒక్క కేక కూడా వేయలేదు.

ఈ సినిమా గురించి చెప్తే లేడీస్ హాస్టల్‌లో ఉండే మా అక్క ఒకామె గట్టిగా అడిగింది: "ఆడపిల్లల్ని చంపుతుంటే చూడడం మీకు సరదానారా?" సరైన ప్రశ్నే. ఈ రకం సినిమాలు చాలావాటికి ఆడపిల్ల అంటే అరిచి చచ్చిపోయే బొమ్మ. ఇందులో ఆ ఫోన్ల బూతులు మాకూ వినబుద్ధి కాలేదు. అయితే ఒక తేడా ఉంది. జెస్ అనే అమ్మాయి గర్భవతి. పెళ్లి చేసుకుందామని అబ్బాయి ఒత్తిడి పెడతడు. నా చదువు, నా ఆశలు వదులుకోను అని ఆమె మొహం మీదే చెప్తది. అట్ల చెప్పినందుకు సినిమా ఆమెను చెడ్డదాన్ని చేయలేదు. 1974లో! మన సినిమాల్లో ఈ మాట చెప్పే హీరోయిన్ కోసం ఇప్పటికీ వెతుక్కోవాల్సిందే. అక్క ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, అదీ రాస్తున్నాం.

మూడోది డబ్బు. ఈ సినిమాకు 6 లక్షల 20 వేల డాలర్ల దాకా అయిందంటారు. ఆ రోజుల లెక్కకు కూడా అది చిన్న సినిమానే. టొరంటోలో ఒక నిజమైన ఇల్లు దొరకబట్టి తీశారు. హంతకుడి చూపుతో సాగే సీన్ల కోసం కెమెరామన్ కెమెరాను భుజానికి కట్టుకుని తనే గోడ ఎక్కిండు. సంగీతం చేసినాయన పియానో తీగలకు ఫోర్కులు, దువ్వెనలు, కత్తులు కట్టి ఆ వింత మోతలు పుట్టించిండు. 'హాలోవీన్' వాళ్లయితే రెండు డాలర్లు కూడా పెట్టని మాస్కు కొని తెల్ల రంగు కొట్టారు. అంటే లేనిదాన్ని దాచిపెట్టకుండా ఉన్నదానితోనే పని కానిచ్చారు. మన గ్రూపులో షార్ట్ ఫిల్ములు తీస్తామనే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. కెమెరా లేదు, లైట్లు లేవు అని ఆగకండి. ఖాళీ హాస్టల్, ఒక ఫోను, ఒక మెట్ల దారి చాలు. భయం కోసం మన జాతరను, మన దేవతను తెచ్చి పెట్టకండి, ఆ పని చేయడానికి వేరేవాళ్లు ఉన్నారు. మనకు నిజంగా భయమేసిన చోటు ఏదో అది తీయండి.

సినిమా ముచ్చట అయిపోయింది. ఇక ఒక పని. సంక్రాంతి సెలవులు దగ్గరికొచ్చాయి. మీ హాస్టల్‌లో ఎవరెవరు ఆగిపోతున్నారో పేర్లు, గది నంబర్లు ఒక కాగితం మీద రాసి గేటు దగ్గర అతికించండి, ఒక ఫొటో వార్డెన్ సార్‌కు, మేడమ్‌కు పంపండి. అమ్మాయిల హాస్టళ్లవి మాత్రం గేటు మీద వద్దు, గ్రూపులోనూ వద్దు, మేడమ్ దగ్గరే ఉంచండి. బయల్దేరే ముందు ఇద్దరు కలిసి పై అంతస్తు దాకా పోయి ప్రతి తలుపూ కొట్టండి. పది నిమిషాల పని. మేము ఈసారి కొడుతున్నాం. మీ హాస్టల్‌లో కొట్టాక కింద కామెంటులో "చూశాం" అని ఒక్క మాట పెట్టండి.

ఇట్లు,
యాప్రాల్ హాస్టల్ నుంచి మేము నలుగురం