నర్సు చదువు – రోగి మాట

తిరుత్తణి అనగానే కొండమీది సుబ్రహ్మణ్యస్వామి గుడి, ఆడికృత్తికనాటి కావళ్లు గుర్తుకు వస్తాయి. ఊరు ఉన్నచోటనే ఉన్నా దాని రాష్ట్రం మాత్రం మారింది. 1960 మార్చి నెలాఖరు వరకు తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాకు చెందినది. పటాస్కర్ సిఫారసుల ననుసరించి 1959లో చేసిన చట్టం వల్ల, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధిక భాగం, పళ్లిపట్టు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరాయి. బదులుగా పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రకు వెళ్లాయి. సరిహద్దు ఒక్క రోజులో మారింది గాని ఇళ్లలో మాట మారలేదు. నేటికీ ఈ పల్లెలలో ఎన్నో కుటుంబాలు వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుతాయి. వయసు మళ్లినవారిలో కొందరికి ఇంటి మాట తప్ప వేరొకటి సరిగా రాదు. ఆరోగ్యంగా ఉన్నంతకాలం దానివల్ల వారికి పెద్ద ఇబ్బంది లేదు. చిక్కు ఆసుపత్రిలో మొదలవుతుంది.

పళ్లిపట్టు వైపు పల్లె నుండి చక్కెర జబ్బు ఉన్న ఒక అవ్వ రాత్రివేళ ఆసుపత్రికి వచ్చిందనుకుందాం. "కడుపులో దేవతా ఉండాదమ్మా, కండ్లు తిరగతా ఉండాయి" అంటుంది. విధిలో ఉన్న నర్సు సేలం వైపు నుండి వచ్చిన యువతి. పనిలో నేర్పరి, ఓర్పు గలది. తెలుగు మాత్రం రాదు. అవ్వ పక్కన ఐదో తరగతి చదివే మనవడున్నాడు. వాడు "పాట్టికి వయిరు వలి" అని చెబుతాడు. దేవడమంటే వాంతి వచ్చేటట్లుండడం, కడుపునొప్పి కాదు. కళ్లు తిరుగుతున్న సంగతి వాడు చెప్పనే లేదు. రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు కూడా వికారం పుట్టవచ్చు, కళ్లు తిరగవచ్చు. వెంటనే రక్తపరీక్ష చేయవలసి ఉండగా, నొప్పి ఎక్కడ అని పొట్ట తడిమి చూడడంలో విలువైన నిమిషాలు గడిచిపోతాయి. ఇందులో నర్సు తప్పు లేదు. అవ్వ తప్పూ లేదు. పదేళ్ల పిల్లవాడిని తప్పుపట్టడం అసలే న్యాయం కాదు.

బాధను చెప్పడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి: పోటు, సలుపు, మంట, తీపు, గుంజు, తిమ్మిరి. పోటు వేరు, సలుపు వేరు. చీము పట్టిన పుండు సలుపుతుంది, ప్రక్కలో పోటు వస్తుంది. ఈ తేడా రోగికి తెలుసు. వినేవారికి కూడా తెలిసినప్పుడే అది చికిత్సకు పనికివస్తుంది. డాక్టరు వార్డుకు వచ్చి చూసి వెళతాడు. రాత్రంతా మంచాల మధ్య తిరిగేది నర్సమ్మే. రోగి స్థితి మారిందని మొదట గ్రహించవలసినది ఆమే. అందుచేత నర్సు ఏమి చదువుకున్నది, ఎక్కడ పనిచేస్తున్నది, ఎంతమంది రోగులను చూస్తున్నది అన్న విషయాలు వైద్యంలో చిన్నవి కావు. ఈ మూడింటినీ నిర్ణయించేవి ప్రభుత్వ విధానాలు.

నర్సుల శిక్షణకు ఈ ప్రాంతం కొత్తది కాదు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లోనే శిక్షణ మొదలైంది. నర్సులు, మంత్రసానుల నమోదు కొరకు 1926లో మద్రాసు రాజధానిలో చట్టం వచ్చింది. తిరుత్తణికి ఎంతో దూరం లేని వేలూరులో ఐడా స్కడర్ నెలకొల్పిన వైద్యసంస్థలో 1946లో నర్సింగు డిగ్రీ చదువు ప్రారంభమైంది. దేశమంతటికీ ఒకే ప్రమాణం ఉండాలని 1947లో భారత నర్సింగు మండలి చట్టం చేశారు. దాని స్థానంలో జాతీయ కమిషన్‌ను ఏర్పరచడానికి 2023లో పార్లమెంటు మరొక చట్టం చేసింది. ఎన్ని గంటలు పాఠం వినాలి, ఎన్ని గంటలు వార్డులో పనిచేయాలి అన్నవన్నీ ఇటువంటి సంస్థలు వ్రాసిన నియమాలలోనే ఉంటాయి. 2021లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో సంభాషణకు ఉపకరించే ఇంగ్లీషు ఒక పాఠ్యాంశం. మంచిదే, పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. కాని తిరుత్తణి వార్డులో మంచం మీద ఉన్న అవ్వ ఇంగ్లీషులో మూలగదు.

ఇక ఉద్యోగం. తమిళనాడు ప్రభుత్వోద్యోగాలకు జరిగే పోటీపరీక్షలలో తమిళ అర్హతపరీక్షను 2021 డిసెంబరులో తప్పనిసరి చేశారు. అందులో నూటికి నలభై మార్కులు రావాలి. ఈ నియమం సబబైనదే. ప్రజలకు సేవచేసే ఉద్యోగికి ప్రజల భాష రావాలన్నది దాని వెనుక ఉన్న న్యాయం. అదే న్యాయాన్ని రెండడుగులు ముందుకు నడిపిస్తే ఏమవుతుంది? తెలుగువారు ఎక్కువగా ఉన్న పళ్లిపట్టు, తిరుత్తణి ప్రాంతపు ఆసుపత్రులలో తమిళంతో పాటు తెలుగు వచ్చిన నర్సులు కొందరైనా ఉండాలి. హోసూరు వైపైతే తెలుగు, కన్నడం రెండూ కావాలి. ఇది తమిళానికి పోటీగా అడిగేది కాదు. ఆ నియమం ఎందుకు పుట్టిందో ఆ కారణాన్నే పూర్తిగా నెరవేర్చమని అడగడం.

బయటిదేశాల సంగతి చూస్తే ఈ కోరిక వింతగా తోచదు. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందగోరే మన నర్సులు నెలల తరబడి జర్మన్ నేర్చుకుని, సాధారణంగా బి2 స్థాయి పరీక్ష నెగ్గవలసి ఉంటుంది. అక్కడి ముసలివారి మాట అర్థం చేసుకోవడానికి ఇక్కడి ఆడపిల్లలు అంత శ్రమపడుతున్నారు. అమెరికాలో ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు ఇంగ్లీషు సరిగా రాని రోగికి దుబాసీని ఏర్పాటు చేయాలి. ప్రాణాపాయ సమయంలో తప్ప చిన్నపిల్లల చేత ఆ పని చేయించరాదని 2016లో అక్కడ నియమం వ్రాశారు. పై అవ్వ మనవడివంటి పిల్లలను తలచుకునే వ్రాశారేమో!

భాష ఒక్కటే చాలదన్నది కూడా నిజం. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకొకరు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికొకరు నర్సు ఉండాలని నర్సింగు మండలి సూచించింది. ఆ లెక్కకు మించి రోగులున్నచోట, భాష వచ్చిన నర్సుకు కూడా కూర్చుని వినే తీరిక దొరకదు. 2015లో తమిళనాడు ప్రభుత్వం వేలాది నర్సులను నెలకు 7,700 రూపాయల ఒప్పంద జీతంపై తీసుకున్నది. తమను క్రమబద్ధీకరించాలని వారు 2017 నవంబరులో చెన్నైలో సమ్మె చేశారు. రేపు ఈ ఊళ్లో ఉంటుందో లేదో తెలియని ఉద్యోగి ఆ ఊరి మాట నేర్చుకోవాలని ఎందుకు అనుకుంటుంది? ప్రైవేటు ఆసుపత్రుల స్థితి చూసి 2016లో సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన సంఘం, ఏబది పడకలకు లోపు ఉన్నచోట కూడా నెలకు కనీసం ఇరవైవేలు ఇవ్వాలని సిఫారసు చేసింది.

ప్రతి భాషకూ ఒక నర్సును ఎక్కడ తెస్తారని కొందరు అడుగుతారు. తెచ్చే పని లేదు, వారు ఇక్కడే ఉన్నారు. 2006 నాటి చట్టం వల్ల ఒకటో తరగతి నుండి తమిళం తప్పనిసరి అయింది. దానివల్ల మాతృభాష చదువు కుంటుపడుతున్నదని భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానాలకు వెళ్లారు. ఆ వాదం అలా ఉండగా, దాని ఫలితంగా పళ్లిపట్టు బడిలో చదివిన తెలుగు పిల్ల తమిళం కూడా చక్కగా చదివి వ్రాయగలుగుతున్నది. ఆమె నర్సింగు చదివితే, రెండు భాషలలో రోగి చెప్పేది వినగల నర్సు ఏ ఖర్చూ లేకుండా తయారవుతుంది. అయితే పరీక్షలో ఆమె తమిళానికి మార్కులున్నాయి, తెలుగుకు లేవు. ఉద్యోగం వచ్చాక ఆమెను రామనాథపురానికి పంపి, రామనాథపురం అమ్మాయిని తిరుత్తణికి పంపడంలో అర్థం లేదు. నియామక సమయంలో ఏ ఆసుపత్రికి ఏ భాష అవసరమో ఒక్క కాగితం మీద వ్రాసుకుంటే చాలు. ఇతర ప్రాంతాలనుండి వచ్చినవారికి రోగి బాధలు చెప్పే నాలుగు వందల తెలుగు మాటలు నేర్పడానికి పెద్ద సంస్థ అక్కరలేదు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీపై 'భోజనానికి ముందు', 'భోజనం తరువాత' అన్నవి తెలుగులో కూడా అచ్చువేయడం మరీ సులభం.

దీనికి సమయం కూడా అనుకూలంగా ఉంది. 2022 జనవరిలో తిరువళ్లూరులో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైంది. అక్కడి జిల్లా ఆసుపత్రి కళాశాల ఆసుపత్రిగా మారగా, తిరుత్తణి ఆసుపత్రి జిల్లా ప్రధాన ఆసుపత్రి స్థాయికి పెరిగింది. స్థాయి పెరిగేకొద్దీ దూరపు పల్లెల రోగులు ఎక్కువగా అక్కడికే వస్తారు. నర్సుల ఎంపికలో ఈ మార్పు కావాలని తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాల పంచాయతీలు, పాఠశాలల తల్లిదండ్రుల సంఘాలు ఆరోగ్యశాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకునే హక్కు రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రజలకు ఇచ్చింది. ఆ అర్జీ తెలుగులోనే వ్రాయవచ్చు.