అమెరికా వెళ్ళిన కారుకు దిష్టిచుక్క!

గోడ మీద పోస్టర్లో లంబోర్గిని కౌంటాచ్ ఒకలా ఉంటుంది. ఇంగ్లీషు సినిమాలో పరుగెత్తే కౌంటాచ్ మరొకలా ఉంటుంది. "పేరు అదే, కంపెనీ అదే, మరి ముక్కు దగ్గర ఆ దిమ్మ ఏమిటండీ? సినిమావాళ్ళు డూప్ కారు పెట్టేశారా?" అని ఒక కుర్రాడు నన్ను నిలేసి అడిగాడు.

డూప్ కాదు బాబూ, అసలుదే! కాకపోతే అది సెన్సారయిన ప్రింటు!

మన సినిమాకి సెన్సారు బోర్డు ఎలాగో, అమెరికాలో కారుకి అక్కడి కేంద్ర ప్రభుత్వపు భద్రతా నియమాలు అలాగ. ఇటలీలో స్టైలిస్టు ఎంత ఒద్దికగా గీత గీసినా సరే, ఓడ దిగేసరికి అక్కడ అధికారి సిద్ధం. మన సెన్సారు ముక్కలు తీసేస్తుంది, వాళ్ళది ముక్కలు తగిలిస్తుంది. అంతే తేడా! 1968 నుంచి హెడ్‌లైట్ల మీద గాజు మూతలు పనికిరావన్నారు. కారు పక్కల ముందు పసుపు, వెనక ఎరుపు గుర్తులుండాలన్నారు. 1973 మోడళ్ళ నుంచి అసలు బాంబు పడింది. గంటకు 5 మైళ్ళ వేగంతో, అంటే ఎనిమిది కిలోమీటర్లతో, గోడని ఢీకొట్టినా ముందు దీపాలు చెక్కు చెదరకూడదట! వెనకవైపు మొదటి ఏడాది రెండున్నర మైళ్ళు, మరుసటి ఏడాది నుంచి అక్కడా ఐదే.

సంసారపక్షంగా నలుగురూ ఎక్కే పెద్ద కారుకి ఇదేమంత కష్టం కాదు, ముందొక ఇనప దూలం బిగిస్తే సరి. కత్తిమొనలాంటి ముక్కున్న ఇటలీ కారు సంగతేమిటి? పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసి బుగ్గన దిష్టిచుక్క పెడతారు చూడండీ, ఆ చుక్క దోసగింజంత ఉంటే ముచ్చట. చారెడు కాటుక తెచ్చి పులిమితే?

మొదట దెబ్బ తిన్నది ఫెరారీ డేటోనా. 1968 పారిస్ ప్రదర్శనలో కనిపించినప్పుడు దాని ముక్కంతా అడ్డంగా ఒకే పారదర్శకమైన పట్టీ, దాని వెనక నాలుగు దీపాలు, చలువ కళ్ళద్దాలు పెట్టుకున్న హీరోలా! పినిన్‌ఫరీనా కంపెనీలో లియోనార్డో ఫియోరవాంతి చేతి గీత అది. అమెరికా ఒప్పుకోలేదు. దాంతో 1971 కల్లా రెప్ప తెరిచినట్టు పైకి లేచే దీపాలొచ్చాయి. ఎవరేమన్నా నా ఓటు ఆ పాత కళ్ళద్దాలకే.

డేటోనా అంటే గుర్తొచ్చింది. 1984లో మొదలైన 'మయామీ వైస్' టీవీ సీరియల్లో హీరో డాన్ జాన్సన్ నడిపిన నల్ల డేటోనా ఉంది చూశారూ, అది మాత్రం నిజంగానే డూప్! లోపల ఉన్నది అమెరికన్ షెవర్లే కార్వెట్, పైన ఫెరారీ వేషం. ఫెరారీ వాళ్ళకి ఒళ్ళు మండింది. చివరికి సీరియల్లో ఆ కారుని పేల్చిపారేశారు. దాని స్థానంలో 1986లో అసలు సిసలు టెస్టరోసాలు రెండు దిగాయి. వచ్చినప్పుడు అవీ నలుపే. రాత్రి షూటింగుల్లో కనబడడం లేదని తెల్లరంగు కొట్టించారు! హీరోయిన్‌కి మేకప్ మార్చినట్టు లేదూ?

ఆ టెస్టరోసా పక్కల బారులు తీరిన పలకలు ఈల వేయించేంత అందం కదా! వాటి పుట్టుక కూడా రూలు పుణ్యమే. రేడియేటర్లు పక్కలకి చేర్చారు కాబట్టి గాలికి పెద్ద నోళ్ళు కావాలి. కొన్ని దేశాల్లో అంత పెద్ద నోరు తెరిచి ఉంచకూడదు. సరే, అడ్డంగా పలకలు పెట్టారు. 1984 నుంచి ఆ పలకలే కారుకి ఊరూ పేరూ అయిపోయాయి. మొదటి కార్లకి డ్రైవరు వైపు అద్దం స్తంభం సగంలో, ఎత్తున, ఒంటిగా ఉండేది. తర్వాత దాన్ని కిందికి దించి రెండోవైపు జత కలిపారు. ఆ ఒంటి అద్దం కార్లంటే అభిమానులకి ఈనాటికీ ప్రత్యేకమైన మోజు.

'మాగ్నమ్'లో (1980-88) టామ్ సెల్లెక్ నడిపిన ఎర్ర ఫెరారీ 308 పక్కా అమెరికా అల్లుడే. యూరప్ కారు పక్కన పెట్టి చూడండి, బంపర్లు ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి, పక్కన నలుచదరం దీపాలు. అయినా ఆరడుగుల నాలుగంగుళాల సెల్లెక్ టాపు తీసేసి హవాయి చొక్కాతో కూచుంటే బంపరు చూసేదెవరు?

ఇక డి టొమాసో పాంటెరా. ఇటలీ ఒళ్ళు, ఫోర్డు గుండె. 1971 నుంచి ఫోర్డు వాళ్ళే అమెరికాలో అమ్మారు. మొదట్లో ముక్కు మీద నాజూకు క్రోమియం బంపర్లుండేవి. 1972లో అమెరికా కోసమని నల్ల బంపరు తగిలించిన మోడలొచ్చింది. ఈ కారు కొన్నవాళ్ళలో ఎల్విస్ ప్రెస్లీ ఉన్నాడు. ఓరోజు స్టార్టవ్వలేదని కోపమొచ్చి తుపాకీ తీసి కారునే కాల్చేశాడు మహానుభావుడు! ఆయన పసుపు కారు మొదటి తరంది, పాపం నాజూకు బంపర్లదే.

ఇంతకీ మన కుర్రాడి కౌంటాచ్. ఆ పేరు పలకడమే ఒక పరీక్ష. ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతపు యాసలో అదొక ఆశ్చర్యార్థకం, మన "ఔరా!" లాంటిది. బెర్టోనీ కంపెనీలో మార్చెల్లో గాందీనీ గీసిన బొమ్మ 1971 జెనీవా ప్రదర్శనలో మొదట కనబడింది. అమ్మకానికొచ్చింది 1974లో. జాకీ చాన్ కూడా ఉన్న 'కానన్‌బాల్ రన్' (1981) మొదట్లోనే పోలీసు కారుని ఏడిపిస్తూ దూసుకుపోయే నల్ల కౌంటాచ్‌కి ఈ దిమ్మల బాధ లేదు. అప్పటికింకా కంపెనీ అమెరికా కోసం విడిగా కౌంటాచ్ చెయ్యడం లేదు. 1985 నాటి 'క్వాట్రోవాల్వోలే' మోడల్‌తో ఆ ముచ్చటా తీరింది. యూరప్ కారుకి నెత్తిన ఆరు వెబర్ కార్బురేటర్లు, వాటి కోసం వెనక మూపురం, 455 గుర్రాల బలం. వెనక ఏం వస్తోందో కనబడదు, అది వేరే సంగతి. అమెరికా కారుకి ఆ కార్బురేటర్లు పోయి పెట్రోలు చిమ్మే పద్ధతి వచ్చింది, బలం 420 దాకా దిగింది, ముందు బంపరు దిగబడింది. చిత్రమేమంటే 1982లోనే బంపరు పరీక్షని ఐదు మైళ్ళ నుంచి రెండున్నరకి తగ్గించారు. అయినా దిమ్మ తప్పలేదు!

తంటా అంతా అమెరికాదే అనుకునేరు. ఇటలీ సొంతింటి గోల వినండి. రెండు లీటర్లు దాటిన ఇంజన్ మీద అక్కడ 38 శాతం పన్ను వేశారు. ఫెరారీ ఏం చేసింది? 308కే చిన్న ఇంజన్ పెట్టి 1980లో '208' అని సొంత ఊరివాళ్ళ కోసం తెచ్చింది. బలం 155 గుర్రాలు, అంటే ఎన్టీవోడి గెటప్‌లో కమెడియన్ అన్నమాట! 1982లో టర్బో వేసి పరువు నిలబెట్టుకున్నారు. వెనక చక్రాల ముందు గాలి పీల్చే చీలికలుంటే అది టర్బో అని పోల్చుకోవచ్చు. ఫ్రాన్సులోనేమో 1993 దాకా హెడ్‌లైట్లు పసుపుగా వెలగాలి. ఇంగ్లండుకి స్టీరింగు కుడి పక్కకి మారాలి. తలో దేశానికీ తలో వేషం.

ఇప్పుడు అమెరికాలో కొత్త వేడుక మొదలైంది. ఓనర్లు ఆ పెద్ద బంపర్లు పీకేసి, యూరప్ బంపర్లు తెప్పించి బిగిస్తున్నారు. "గాందీనీ గీసినట్టు చేశాం" అంటారు. చూడడానికి బాగుంటుంది, నేను కాదనను. కానీ నాకో బెంగ ఉంది. ఆ దిమ్మతోనే కదా ఆ కారు అక్కడ పుట్టింది, ఆ దిమ్మతోనే కదా కెమెరా ముందు నిలబడింది! 'వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్' (2013)లో లియోనార్డో డికాప్రియో మత్తులో గుద్ది గుద్ది తెచ్చిన తెల్ల కౌంటాచ్ 1988లో వచ్చిన పాతికేళ్ళ వేడుక మోడలు. సినిమా కోసం నిజమైన కారునే నుజ్జు చేశారు. 2023లో ఆ తుక్కుని ఎవరో అబుదాబి వేలంలో 13.5 లక్షల డాలర్లకి కొన్నారు! దాన్ని బాగుచేసి బంపరు మార్చేస్తే ఇంకేం మిగులుతుందండీ? 'కానన్‌బాల్ రన్' నల్ల కారునయితే 2021లో అమెరికా చారిత్రక వాహనాల జాబితాలో చేర్చారు. దాని జోలికి ఇక స్పానర్ పట్టుకుని ఎవరూ రాకూడదని నా కోరిక.

కుర్రాళ్ళకో చిన్న పని. ఈసారి పాత ఇంగ్లీషు సినిమాలో ఇటలీ కారు కనబడితే హీరోయిన్ మీంచి ఒక్క క్షణం చూపు తిప్పి, కారు పక్కన చక్రం దగ్గర చూడండి. ముందు పసుపు, వెనక ఎరుపు దీపాలుంటే అమెరికా ప్రింటు. వెనక నంబరు ప్లేటు పొట్టిగా ఉందా, పొడుగ్గా ఉందా అన్నది మరో ఆనవాలు. కథ రోములో జరుగుతున్నట్టు చూపిస్తూ పసుపు దీపాల కారు పరుగెత్తించిన దర్శకుడు దొరికితే నాకో కార్డు ముక్క రాయండి!