బంగారు చేపతో ఏం చేసుకుంటావురా?

పోకెమాన్ ఆటల్లో మ్యాజికార్ప్ అనే చేప ఒకటుంది. పనికిమాలినదని దానికి పెద్ద పేరు. పోటీలోకి దించితే మొదట్లో ఎగిరెగిరి పడటం తప్ప దానికేమీ చేతకాదు. గాలం వేస్తే చాలు, వద్దన్నా అదే తగులుతుంది. మామూలుగా దాని రంగు ఎరుపు. వేలల్లో ఒకటి మాత్రం బంగారు రంగులో వస్తుంది. అలాగని దానికి బలమేమీ ఎక్కువ ఉండదు. వేగమూ పెరగదు. అదీ ఎగిరెగిరి పడేదే. తేడా అల్లా రంగులోనే.

అయినా ఆ బంగారు చేప తెరమీద కనిపించిన రోజున పిల్లాడు పెట్టే కేక వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఏమైందోనని వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొస్తుంది. సంగతి విన్నాక 'ఓస్, ఇంతేనా! దాంతో ఏం చేసుకుంటావురా?' అనేసి వెళ్లిపోతుంది.

అమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పడానికి పిల్లాడికే మాటలు దొరకవు. వాడి తరఫున కాసేపు మనం వకాల్తా పుచ్చుకుందాం.

ఈ ఆట పుట్టింది ఒక పురుగుల పిచ్చివాడి బుర్రలో. జపాన్‌కు చెందిన సతోషి తజిరి 1965లో పుట్టాడు. టోక్యో శివార్లలోని మచిదాలో పెరిగాడు. చిన్నప్పుడు చెట్లమ్మటా చెరువులమ్మటా తిరిగి పురుగులు పట్టుకొచ్చేవాడు. తోటి పిల్లలు 'పురుగుల డాక్టర్' అని పిలిచేవారు. అతను పెద్దవాడయ్యేసరికి ఊరూ పెద్దదైంది. పొలాలూ చెరువులూ పోయి ఇళ్లూ దుకాణాలూ లేచాయి. పురుగులు మాయమయ్యాయి. 1989లో నింటెండో కంపెనీ గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టే ఆటల పెట్టెను తెచ్చింది. రెండు పెట్టెల్ని తీగతో కలపొచ్చు. ఆ తీగ మీదుగా ఒక పురుగు ఇటునుంచి అటు పాకుతున్నట్టు తజిరికి ఊహ వచ్చింది. ఆ ఊహే సుమారు ఆరేళ్ల శ్రమ తర్వాత, 1996 ఫిబ్రవరి 27న పోకెమాన్ ఆటగా జపాన్ దుకాణాల్లోకి వచ్చింది. పొలం గట్లు పోగొట్టుకున్న పిల్లల చేతుల్లో పెట్టిన పొలం గట్టు అది.

ఆ గట్టు మనకు కొత్తేం కాదు. తొలకరి పడ్డాక ఆరుద్ర పురుగుల కోసం చేలల్లో వెతికిన పిల్లలే కదా మన ఇళ్లలో ఇప్పుడు అమ్మలూ నాన్నలూ తాతలూ! ఎర్రటి మఖమల్ ముక్కలాంటి ఆ పురుగును అగ్గిపెట్టెలో, కాస్త గడ్డి వేసి దాచుకునేవారు. బళ్లో బెంచీ కింద మూత తీసి పక్కవాడికి చూపించేవారు. దాంతో కూరా వండుకోలేం, మార్కులూ రావు. అయినా ఆ అగ్గిపెట్టె జేబులో ఉన్న పూట నడకే వేరుగా ఉండేది.

మళ్లీ ఆటలోకి వద్దాం. 1999 నవంబరులో జపాన్‌లో విడుదలైన గోల్డ్, సిల్వర్ ఆటల్లో తొలిసారిగా రంగు మారిన ప్రాణుల్ని పెట్టారు. ఆడేవాళ్లు వాటిని 'షైనీ'లు అంటారు. ఒక ప్రాణి ఎదురైనప్పుడు అది షైనీ అయ్యే అవకాశం 8,192లో ఒకటి. కనిపించగానే చుట్టూ చుక్కలు మెరుస్తాయి, చిన్న చప్పుడవుతుంది. అక్కడితో అయిపోలేదు. కంగారులో గట్టి దెబ్బ కొడితే అది కాస్తా స్పృహ తప్పుతుంది, ఇక చేతికి చిక్కదు. బంతి విసిరాక అది అటూ ఇటూ ఊగుతుంటే ఊపిరి బిగబట్టి చూడాల్సిందే.

8,192లో ఒకటంటే ఎంతో ఒక్కసారి లెక్కేద్దాం. ఒక్కో ప్రాణిని చూడటానికి అర నిమిషం అనుకుంటే అన్నిసార్లు చూడటానికి 68 గంటలు పడుతుంది. అంతా చేసినా దొరుకుతుందన్న హామీ లేదు. సరిగ్గా 8,192 సార్లు ప్రయత్నించిన వంద మందిలో సుమారు 37 మందికి ఒక్కటీ దొరకదు. 'ఇన్నిసార్లయింది కదా, ఇప్పుడు రావాలి' అనుకోవడానికీ వీల్లేదు. పదివేలోసారి కూడా అవకాశం అదే, 8,192లో ఒకటి. గణితం మాస్టారు నెలంతా చెప్పినా ఎక్కని సంభావ్యత పాఠం ఈ పిల్లలకు ఒళ్లు మండి మరీ ఎక్కుతుంది. 2013లో వచ్చిన ఎక్స్, వై ఆటల నుంచి కాస్త కనికరించి 4,096లో ఒకటి చేశారు.

మరి ఇంత విసుగును ఎందుకు భరిస్తారు? శాస్త్రవేత్తల దగ్గర సగం జవాబుంది. అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేశాడు. ఇన్నిసార్లు పొడిస్తే గింజ అని లెక్క కట్టి ఇచ్చినప్పటికంటే, ఎప్పుడు పడుతుందో తెలియకుండా ఇచ్చినప్పుడు పావురాలు విడవకుండా పొడుస్తూనే ఉన్నాయి. 1990లలో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ కణాలను పరిశీలించాడు. ఊహించని పళ్లరసం చుక్క పడినప్పుడు ఆ కణాలు ఒక్కసారిగా చురుగ్గా స్పందించాయి. వస్తుందని ముందే తెలిసిన రసానికి ఆ స్పందన లేదు. అనుకోని మేలుకు మెదడు ఎక్కువ పొంగిపోతుందన్నమాట. పిల్లాడి కేకలో సగం సంగతి ఇదే.

మిగతా సగం పావురాలకు తెలియదు. గింజ దొరికిన పావురం పక్క పావురం దగ్గరికి పోయి కథ చెప్పుకోదు. పిల్లలు చెప్పుకుంటారు. ఎన్నోసారికి దొరికింది, అప్పుడు ఎక్కడ కూర్చున్నారు, చివరి బంతి ఎలా ఊగింది... అన్నీ గుర్తే. తజిరి ఆటను రెండు రకాలుగా విడుదల చేయడంలో కిటుకు కూడా ఇదే. కొన్ని ప్రాణులు ఒక రకంలోనే దొరుకుతాయి. మొత్తం పోగు చెయ్యాలంటే ఇంకొకరి స్నేహం కావాల్సిందే.

తొలి ఆటలో 151వ ప్రాణి మ్యూ. దాన్ని మోరిమోటో అనే ప్రోగ్రామరు ఆట పూర్తయ్యే ముందు గుట్టుచప్పుడు కాకుండా ఇరికించాడు. మామూలుగా ఆడితే అది దొరకదు. ఉందట, చూశారట అని పుకార్లు పుట్టాయి. 1996లో కోరోకోరో అనే పిల్లల పత్రిక 20 మందికి మ్యూను ఇస్తామంటే దాదాపు 78 వేల మంది దరఖాస్తు పెట్టారు!

ఇంకో చిన్న ఏర్పాటు ఉంది. ఏ ప్రాణినైనా మొదట పట్టినవాళ్ల పేరు దానితోపాటే ఉండిపోతుంది. తర్వాత ఎన్ని చేతులు మారినా ఆ పేరు చెరగదు. 2002నాటి ఆటల్లో పట్టినవాటిని మెట్టుమెట్టుగా కొత్త ఆటల్లోకి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. చదువుకని దూరమెళ్లిన అన్నయ్య ఇచ్చి వెళ్లిన ప్రాణి మీద అన్నయ్య పేరే ఉంటుంది. తాంబాళం అడుగున చెక్కించిన పేరులాగా. అది చూసినప్పుడల్లా తమ్ముడికి కలిగేది ఆట గెలిచిన సంతోషం ఒక్కటే కాదని వేరే చెప్పాలా?

పోయినప్పుడు బాధ కూడా అంతే నిజం. గోల్డ్, సిల్వర్ ఆటల క్యాసెట్‌లలో బొత్తామంత బ్యాటరీ ఉంటుంది. దాచిన ఆటంతా దాని దయమీదే. కొన్నేళ్లకు ఆ బ్యాటరీ అయిపోతే, పోగు చేసినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. 'ఉత్త బొమ్మలే కదా' అని ఆ పూట మాత్రం అనకండి. చెదలు తిన్న స్టాంపుల ఆల్బం ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు ఆ బాధ.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటుకు వద్దాం. అరుదైనదాని కోసం ఎదురుచూడటం మనిషి బలహీనత అని తెలిశాక, దాన్ని అమ్ముకునేవాళ్లూ వచ్చారు. డబ్బు కట్టు, పెట్టె తెరువు, అరుదైనది వస్తే నీ అదృష్టం... ఇదీ వరస. ఇలా డబ్బు కట్టి తీసిన బొమ్మల్లో ఒక జట్టు పూర్తి చేస్తేనే అసలు బహుమతి అనే పద్ధతిని 2012లో జపాన్ వినియోగదారుల సంస్థ చట్టవిరుద్ధమని తేల్చింది. ఆటల్లో డబ్బుకు అమ్మే ఇలాంటి అదృష్టపు పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం చెప్పింది. ఓపిక పెట్టి దొరికించుకున్నదానికి ఒక కథ ఉంటుంది. నాన్న కార్డు గీకి తెచ్చుకున్నదానికి బిల్లు ఉంటుంది. ఆ తేడా పిల్లలకు ముందే చెప్పాలి. కార్డు వివరాలు ఫోన్లో ఉంచకపోవడం పెద్దల వంతు.

మన దేశంలోకి పోకెమాన్ గో ఆట 2016 డిసెంబరులో అధికారికంగా వచ్చింది. మరుసటి మార్చిలో మన బంగారు చేప ఆ ఆటలోకీ దిగింది. కాబట్టి దాని ముచ్చట మీ ఇంట్లోనూ ఉండొచ్చు. 'ఎంతసేపు ఆడావు?' అని ఎలాగూ అడుగుతారు, అడగాలి కూడా. దాంతోపాటు 'ఎన్నోసారికి దొరికింది?' అని కూడా అడిగి చూడండి. అంకెతో సహా చెబుతారు. పది నిమిషాలు వినండి. దొరకలేదని ముఖం వేలాడేసుకుంటే లెక్క గుర్తుచేయండి. వందలో 37 మందికి అంతేనని తెలిస్తే కాస్త ఊరట.

తజిరి ఈ ఆట చేసింది పొలాలు పోయాక. మనకు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఈసారి ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక పిల్లల్ని ఊరి బయటికి తీసుకెళ్లండి. తడి మట్టి మీద వంగి వెతకండి. ఆరుద్ర పురుగు ఒక్కటైనా కనిపిస్తే చూసి, పక్కవాళ్లకు చూపించి, ఉన్నచోటే వదిలేసి రండి. ఎన్ని అడుగులకు ఒకటి కనిపిస్తుందో అక్కడ ఎవరూ లెక్క రాసిపెట్టలేదు. కనిపించకుండా ఇంటికి రావాల్సి వచ్చినా, మళ్లీ ఎప్పుడెళ్దామని అడిగేది పిల్లలే.