మహాజనసభలో రైతు నోరు విప్పవలెను

మన సహకార సంఘముల మహాజనసభలు ఏ రీతిగా జరుగుచున్నవో చదువరులు ఎరుగుదురు. పూలదండలు, స్వాగతములు, పిదప అతిథుల ఉపన్యాసములు. ఎండ నడినెత్తికి వచ్చిన పిమ్మట కార్యదర్శి జమాఖర్చులు చదువును, ఆకలిగొన్న సభ్యులు చప్పట్లు కొట్టుదురు, తీర్మానము ఏకగ్రీవమగును. మరునాడు కాటా వద్దను, టీకొట్టు వద్దను వినవచ్చునవియే అసలైన ప్రసంగములు. తూకమున ఎంత తరుగు తీసిరి, ఎరువు ఏ వారమున వచ్చినది, ఎవరి అప్పు ఏల ఆగినది, సర్వమును అంకెలతో సహా చెప్పుదురు. ఈ నోళ్లు నిన్న సభలో ఏల మూతపడినవి?

సభ్యునికి ఎన్ని వాటాలున్నను ఓటు ఒక్కటే యని 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము విధించినది. పదియెకరముల ఆసామియు, అరయెకరము కౌలుదారుడును అందు సమానులే. ఆ సమానత్వమును ఎన్నికల నాటి చీటీకి మాత్రమే పరిమితము చేసికొని, సభలో మాటను ఇతరులకు విడిచిపెట్టుట నాకు సమ్మతము కాదు.

ఉపన్యాసమనగా గ్రంథభాష యనియు, కంఠమెత్తి గర్జించుట యనియు మనవారికి ఒక భయము గలదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వాడుకభాషకై జీవితమంతయు పోరాడినది ఈ భయమును పోగొట్టుటకే గదా! ఈ వ్యాసపు భాష మాట అటుండనిండు; సభలో మాత్రము ఇంటిలో మాటాడు తెలుగే మాటాడుడు.

విత్తువాని ఉపమానమును చూడుడు. క్రీస్తు గలిలయ సరస్సున పడవలో కూర్చుండి, ఒడ్డున నిలిచిన జనులకు దానిని చెప్పెనని సువార్తలో నున్నది. త్రోవప్రక్కను, రాతినేలను, ముండ్లపొదలందును, మంచినేలను పడిన విత్తనముల కథ. చెప్పుటకు రెండు నిమిషములు చాలును. వినువారికి ఆ నేలలు తెలియును గనుక వివరణ లేకయే కథ మనస్సున నాటుకొనును. నా ఉద్యోగమునందును ఇదే అనుభవము. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లనిన తల లూపి ఊరకుందురు. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు మాత్రమే యనిన, తమ మడికి ఎన్ని బస్తాలని వెంటనే లెక్కకు దిగుదురు.

కావున సభకు పోవుటకు ముందు రాత్రి ఒక చిన్న కాగితముపై ఒకే సంగతి వ్రాసికొనవలెను. రెండు సంగతులు వద్దు. "ధాన్యం కొనుగోలులో రైతుకు అన్యాయం జరుగుతోంది" అనిన, అధ్యక్షుడు "చూద్దాం లెండి" అనును, అంతటితో సరి. "ఫలానా తేదీన నావి 60 బస్తాలు. ప్రభుత్వం 17 శాతం తేమదాకా ఒప్పుకుంటుంది. యంత్రం 16 చూపింది, పక్కనున్న ఇద్దరు చూశారు. చీటీలో ఆ అంకె రాయలేదు. బస్తాకు కిలో తరుగు తీశారు. ఇకమీదట తేమ అంకె చీటీలో రాయాలని తీర్మానం చేయండి" అనిన, చూద్దామని తప్పించుకొనుటకు వీలుండదు. చివరి వాక్యమే ముఖ్యము. ఏమి చేయవలెనో చెప్పని ఫిర్యాదు మినిట్సు పుస్తకమున కెక్కదు. ఆ విషయమును ముందుగనే వ్రాతమూలముగా కార్యదర్శి కందజేసి, లేచి బలపరచుటకు పొరుగు రైతు నొకనిని సిద్ధపరచుకొనుట మేలు.

మైకును ఊదుట, తట్టుట మానవలెను. పెద్దలందరికి కలిపి ఒక్క నమస్కారము చాలును. కోపము న్యాయమైనదే కావచ్చును. అయినను వ్యక్తిని గాని వాని కులమును గాని దూషించినచో, సభ ఆ దూషణను జ్ఞాపకముంచుకొని తరుగును మరచును. దీని కొరకు కాచుకొని యుండువారును కలరు.

పాల సంఘములలో పాలు పితికి పోయువారు అనేకచోట్ల స్త్రీలు. సభలో మాటాడువారు పురుషులు. వెన్న శాతము తగ్గెనని రేటు తగ్గించిన దినమున, ఆ పశువు ఏమి మేసినదో ఎరిగినది వెనుక వరుసలో కూర్చున్న ఆ తల్లియే. మైకును ఆ వరుసకు పంపుట పాలకవర్గపు పని.

అధ్యక్షులకు ఒక మనవి. కార్యక్రమ పత్రికలో సభ్యుల విషయములను, జమాఖర్చులను మొదట నుంచి, అతిథుల ఉపన్యాసములను భోజనానంతరము పెట్టుడు. వినదలచినవారు తప్పక కూర్చుందురు.