ముందు పరీక్ష, తరువాతే ఇంజెక్షన్

ఆడవారికి నెలసరి ఆగిపోయే వయసు గురించి ఇప్పుడు ఇళ్ళలో కాస్తో కూస్తో మాట్లాడుకుంటున్నారు. మగవారి హార్మోన్ల సంగతి మాత్రం ఇంకా గుట్టుగానే ఉంది. ఆ గుట్టునే పెట్టుబడిగా చేసుకొని బస్టాండు గోడల మీద, లాడ్జీ గదుల్లో, ఇప్పుడు సెల్‌ఫోన్లలో కూడా 'నరాల బలహీనత'కు మందులు అమ్ముతున్నారు. ఎవరో చెప్పారని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ కొనుక్కొచ్చి "సిస్టర్, ఇది కాస్త వేసి పెట్టండి" అని అడిగేవారిని మేము చూస్తూనే ఉన్నాము. డాక్టరు గారి చీటీ లేనిదే మేము వెయ్యము. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

టెస్టోస్టిరాన్ ముఖ్యంగా వృషణాలలో తయారయ్యే హార్మోను. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఆజ్ఞ ఇస్తేనే అది తయారవుతుంది. గొంతు మారడం, గడ్డం మీసం రావడం, కండబలం, ఎముకల గట్టిదనం, దాంపత్య కోరిక, వీటన్నిటికీ అది కావాలి. 1935లో శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగశాలలో తయారు చేశారు.

ఈ మందు నిజంగా అవసరమైనవారు ఉన్నారు. పుట్టుకతోనే క్రోమోజోముల లోపం ఉన్నవారు, గవదబిళ్ళల వల్ల వృషణాలు దెబ్బతిన్నవారు, పిట్యూటరీలో కణితి వచ్చినవారు అటువంటివారే. వారికి ఇది మేలు చేసే వైద్యం. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

అయితే ప్రతి నీరసమూ హార్మోను లోపం కాదు. రక్తహీనత, థైరాయిడ్, అదుపులో లేని షుగరు, నిద్రలేమి, మద్యం, మనోవ్యాకులత, వీటన్నిటిలోనూ అవే లక్షణాలు కనబడతాయి. వయసుతోపాటు ఈ హార్మోను కొద్దికొద్దిగా తగ్గడం సహజమే. స్థూలకాయం ఉన్నవారిలో ఇంకా తగ్గుతుంది. బరువు తగ్గితే చాలామందిలో దానంతట అదే పెరుగుతుంది. ఈ హార్మోను ఉదయం ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. అందుకే పొద్దున 10 గంటలలోపు, పరగడుపున, రెండు వేర్వేరు రోజులలో రక్తపరీక్ష చేయించాలి. రెండుసార్లూ తక్కువగా ఉండి, లక్షణాలు కూడా ఉంటేనే వైద్యం గురించి ఆలోచించాలి.

మాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది మరొకటి ఉంది. హార్మోనును బయటినుండి ఎక్కిస్తే, ఒంట్లో కావలసినంత ఉందనుకొని పిట్యూటరీ తన ఆజ్ఞ ఆపేస్తుంది. దానితో వీర్యకణాల తయారీ పడిపోతుంది, ఒక్కొక్కరిలో పూర్తిగా ఆగిపోతుంది. మందు మానేసినా కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. 'మగతనం' కోసం వేయించుకున్న సూదే సంతానం లేకుండా చేస్తుందన్నమాట. జిమ్ములో కండల కోసం వేయించుకునే కుర్రవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు. పెళ్ళయి రెండేళ్ళయినా పిల్లలు లేరని కోడలిని ఆసుపత్రుల చుట్టూ తిప్పుతారు, మాటలంటారు. కొడుకు మాత్రం వీర్యపరీక్షకు రాడు, సూది సంగతి భార్యకు కూడా చెప్పడు. ఇది అన్యాయమని మా అభిప్రాయం. పిల్లలు కావాలనుకునేవారు ఈ మందు వాడకూడదు. వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ఇక గుండె విషయం. గుండెజబ్బు గాని, దాని ముప్పు గాని ఉండి, హార్మోను తక్కువగా ఉన్న 5 వేలకు పైగా పురుషులపై అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం ఈ మందు వల్ల పెరగలేదని తేలింది. కాని గుండె లయ తప్పడం, ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టడం కొంత ఎక్కువగా కనబడ్డాయి. కాబట్టి మందు మొదలుపెట్టాక కూడా బి.పి., రక్తం చిక్కదనం, ప్రొస్టేటుకు చేసే పి.ఎస్.ఎ. పరీక్ష చూపించుకుంటూ ఉండాలి. ప్రొస్టేటు క్యాన్సరు ఉన్నవారు తమంతట తాముగా అసలు ముట్టుకోకూడదు. జెల్ రాసుకునేవారు చేతులు కడుక్కొని, రాసినచోట బట్ట కప్పుకోవాలి. అది పసిపిల్లల ఒంటికి అంటితే వారికి హాని.

షుగరు చూపించుకోవడానికి మొహమాటపడని మగవారు దీనికి మాత్రం ఎందుకు మొహమాటపడాలి? ఇంట్లో ఆడవారు కూడా ఎగతాళి చేయకుండా ధైర్యం చెప్పండి. భార్యాభర్తలు కలిసి, పొద్దున్నే, పరగడుపున రండి. చెప్పిన సంగతి మా గది దాటి బయటకు పోదు.