వెనుక వైపు చూసి కొనండి

సరౌండ్ సౌండ్ కోసం డిస్క్ ప్లేయర్ కొనేటప్పుడు ముందు చూడవలసింది దాని వెనుక వైపు. డీవీడీలోని డాల్బీ డిజిటల్ 5.1 కుదించిన ధ్వని. సెకనుకు 448 కిలోబిట్లు దాటదు. బ్లూ-రేలో వచ్చే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో స్టూడియో ధ్వనిని ఏ నష్టమూ లేకుండా అందిస్తాయి. ఇవి ఆప్టికల్ వైరులో పట్టవు, వెనుక హెచ్‌డీఎంఐ ఉండాల్సిందే. సెట్టింగుల్లో ఆడియోను బిట్‌స్ట్రీమ్‌ మీద పెట్టి, సెకండరీ ఆడియో ఆపేయాలి. లేకుంటే స్పీకర్లను నడిపే రిసీవర్ మీద, తల పైనుంచీ ధ్వని వినిపించే డాల్బీ అట్మాస్ అన్న అక్షరాలు వెలగవు; చాలామంది తప్పు స్పీకర్లదనుకుంటారు!

హుస్సేనీ ఆలం వంటి హైదరాబాద్ పాతబస్తీ పేటల్లో ఇంకో చిక్కు ఉంది. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న బంధువుల సూట్‌కేసుల్లో ప్లేయర్లూ డిస్కులూ వస్తుంటాయి. అప్పుడు ఒక ప్రాంతపు డిస్కును మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడనివ్వని రీజియన్ కోడ్ అడ్డుపడుతుంది. డీవీడీలకు అమెరికా 1, గల్ఫ్ 2, భారత్ 5. బ్లూ-రేలకు అదే వరుసలో ఎ, బి, సి. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ఈ బెడద లేదు. ప్లేయర్ వెనుక 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు, కాలిపోతుంది.

ఒప్పో 2018లో, ఎల్జీ 2024లో బ్లూ-రే ప్లేయర్ల తయారీ మానేశాయి. పెద్ద కంపెనీల్లో సోనీ, పానసోనిక్ మిగిలాయి. కోఠి గుజరాతీ గల్లీలో పాత సరుకు కొనేవారు రెండు పొరల బ్లూ-రే డిస్కు వేసి చివరిదాకా ఆడించి చూడాలి. ఇంట్లో ఉన్నవన్నీ డీవీడీలే అయితే మామూలు బ్లూ-రే ప్లేయర్ చాలు. 4కే మీద పెట్టే డబ్బు దండగ.